తరగతిలో గోల ఎక్కడ పుడుతుంది?

ప్రాథమిక పాఠశాలను ఎవరైనా మొదట చెవితోనే కొలుస్తారు. గేటు దగ్గరికి రాగానే గోల వినిపిస్తే ఇక్కడ చదువు లేదనుకుంటారు. పిల్లలు చేతులు కట్టుకుని, పెదాల మీద వేలు పెట్టుకుని కూర్చుంటే డిసిప్లిన్ బాగుందని మెచ్చుకుంటారు. తనిఖీకి వచ్చే అధికారులదీ, పిల్లల్ని చేర్చడానికి వచ్చే తల్లిదండ్రులదీ ఇదే కొలత. మదనపల్లె చుట్టుపక్కల పల్లె బడుల్లో సెకండరీ గ్రేడ్ టీచరు (ఎస్జీటీ)గా చేరి, ఇప్పుడు హెడ్‌మిస్ట్రెస్‌గా పనిచేస్తున్న నాకు ఈ కొలత మీద నమ్మకం లేదు. పిల్లలు మాట వినడం లేదు కాబట్టి చదువు రావడం లేదని అందరూ అంటారు. నేను చూసినంతలో ఎక్కువసార్లు దానికి తలకిందులుగా జరుగుతుంది. చదువు అందక, చేతిలో పనిలేక, పిల్లలు మాట వినడం మానేస్తారు.

నలుగురైదుగురు ఒక చార్టు చుట్టూ చేరి 'కాదు, ఇది ముందు రావాలి' అని వాదించుకుంటే వచ్చే సద్దు ఒకటి. పక్కవాడి పెన్సిలు లాక్కుంటే వచ్చే సద్దు ఇంకొకటి. గేటు దగ్గర నిలబడితే రెండూ ఒకేలా వినిపిస్తాయి. లోపలికొచ్చి కాసేపు వెనక బెంచీలో కూర్చుంటే గానీ ఏది ఏదో తెలియదు.

తరగతిలో కొట్లాటలు ఎక్కువగా పుట్టే చోటు ఒకటుంది. అది టీచరు టేబుల్ ముందు కట్టే వరుస. బోర్డు మీద లెక్కలు వేసి 'చేసినవాళ్లు తెచ్చి చూపించండి' అంటాం. ముప్ఫై మంది పిల్లలుంటే, ఒక్కో నోటుబుక్కుకు ఒక్క నిమిషం వేసుకున్నా ఆఖరివాడి వంతు వచ్చేసరికి అరగంట గడిచిపోతుంది. ముందే చూపించుకున్నవాళ్లకు ఆ తర్వాత పనేమీ ఉండదు. వరుసలో నిలబడ్డవాళ్లకు నిలబడడమే పని. ముందున్న పిల్ల జడ లాగడం, వెనకవాణ్ని మోచేత్తో పొడవడం, 'టీచర్, వీడు నన్ను తోశాడు' అనడం అక్కడే మొదలవుతాయి. ఆ అరగంటా టీచరు తల నోటుబుక్కుల్లోనే ఉంటుంది. మధ్యమధ్య తలెత్తి 'సైలెన్స్' అని అరిచి మళ్లీ దించుకుంటుంది. దీనికి విరుగుడు కష్టమైనదేమీ కాదు. టీచరే లేచి వరుసల మధ్య తిరగాలి. పిల్లవాడు లెక్క చేస్తుండగానే పక్కన వంగి, తప్పు జరిగిన అంకె మీద వేలు పెట్టి అడగాలి. త్వరగా అయిపోయినవాళ్లకు తర్వాతి పని బోర్డు మూల ముందే రాసిపెట్టి ఉండాలి. నా తరగతుల్లో ఈ రెండూ మొదలయ్యాక కొట్టాడు, గిల్లాడు అనే ఫిర్యాదులు సగానికి పైగా తగ్గాయి. పిల్లలు ముందున్న పిల్లలే. ఊరికే నిలబడే అరగంట మాత్రం పోయింది.

నాకు గోల కన్నా నిశ్శబ్దమంటేనే ఎక్కువ భయం. ఒక ఏడాది వేరే బడి నుంచి నాలుగో తరగతిలోకి ఒక అమ్మాయి వచ్చింది. రాత ముత్యాల కోవలా ఉండేది. నోటుబుక్కుకు అట్ట, ప్రతి పేజీకి మార్జిన్, ఎక్కడా కొట్టివేత లేదు. ఎవరినీ పల్లెత్తు మాట అనదు, పిలిస్తే తప్ప లేచి నిలబడదు. బడికి ఎవరొచ్చినా చూపించడానికి తీసుకునే నోటుబుక్కు ఆమెదే. ఒకరోజు తన పాఠ్యపుస్తకం కాకుండా, రెండో తరగతి పుస్తకంలో ఆమె ఎప్పుడూ చూడని పేజీ తీసి చదవమన్నాను. వేలు మొదటి అక్షరం మీద పెట్టి ఆగిపోయింది. తన పుస్తకంలో పాఠమైతే గడగడా అప్పజెబుతుంది. కానీ ఆ పాఠాన్నే కింది వరుస నుంచి పైకి చదవమంటే నోరు పెగల్లేదు. అచ్చులు వచ్చు, హల్లులు వచ్చు, తలకట్టు, దీర్ఘం, గుడి వచ్చు. ఒత్తు కనబడితే మాత్రం ఆ మాటనే వదిలేస్తుంది. చూచిరాత రాయడానికి చదవడం రావలసిన పనిలేదు. ముగ్గు చూసి ముగ్గు వేసినట్టు అక్షరాల బొమ్మలు దించుకుంటే చాలు. మూడేళ్ల పాటు ఆమె ఎవరినీ ఇబ్బంది పెట్టలేదు, అందుకే ఎవరి కంటా పడలేదు.

అదే తరగతిలో ఒక అబ్బాయి ఉండేవాడు. తెలుగు వాచకం తియ్యండి అనగానే 'ఒకటికి వెళ్లొస్తా టీచర్' అని చెయ్యెత్తేవాడు. పంపకపోతే పక్కవాణ్ని గిల్లేవాడు. పంపితే పాఠం అయ్యేదాకా వచ్చేవాడు కాదు. లెక్కల గంటలో మాత్రం కదిలేవాడు కాదు. వాడికి ప్రవర్తన బాగోలేదని పేరొచ్చింది. వాణ్నీ, ఆ అమ్మాయినీ పక్కపక్కన కూర్చోబెట్టి కార్డులు చదివిస్తే ఇద్దరూ ఒకే చోట ఆగారు. ఆమె తన ఇబ్బందిని చక్కటి రాత వెనక దాచుకుంది, వాడు బయటికి పరుగెత్తాడు.

తెలుగు చదవడం నేర్పడంలో మెట్లు చాలా ఉన్నాయి. అక్షరాలు అయ్యాక గుణింతాలు, వాటి తర్వాత ఒత్తులు. కొన్ని ఒత్తులు అక్షరాన్ని పోలి ఉంటాయి. త, న, మ, య, ర, ల ఒత్తులు మాత్రం తమ అక్షరాలకు ఏమాత్రం పోలిక లేకుండా ఉంటాయి. ఇవన్నీ రెండో తరగతి ముగిసేసరికి వచ్చేయాలన్నది లెక్క. మా ప్రాంతంలో పనుల కోసం బెంగళూరుకు వెళ్లే కుటుంబాలు చాలా ఉన్నాయి. ఒత్తులు చెప్పే రోజుల్లో అమ్మానాన్నలతో బెంగళూరులో ఉండి, రెండు నెలల తర్వాత తిరిగొచ్చిన పిల్లవాడికి వాటిని మళ్లీ చెప్పేవాళ్లుండరు. సిలబస్ ముందుకు పోతుంది. మూడు, నాలుగు, ఐదు తరగతుల్లో సైన్సు, సాంఘికం, లెక్కల్లో మాటల సమస్యలు, అన్నీ చదవడం వచ్చినవాళ్ల కోసం రాసినవే. చదవడం రాని పిల్లవాడు రోజుకు ఐదారు గంటలు తనకు సంబంధం లేని చోట కూర్చుంటాడు. పెద్దవాళ్లం మనమైనా తెలియని భాషలో అన్ని గంటల ఉపన్యాసం వింటూ కదలకుండా కూర్చోగలమా?

ఇది ఒక్క మా బడి సంగతి కాదు. 2005 నుంచి వెలువడుతున్న అసర్ సర్వేలో పిల్లల ఇళ్లకు వెళ్లి, ఒక్కొక్కరితో విడిగా చదివించి చూస్తారు. ఐదో తరగతి చదువుతున్న గ్రామీణ పిల్లల్లో రెండో తరగతి స్థాయి పేరా చదవగలిగినవాళ్లు దేశం మొత్తం మీద 2018లో 50.5 శాతం. కరోనాతో బడులు మూతపడ్డాక 2022లో అది 42.8 శాతానికి పడిపోయింది, 2024లో 48.8 శాతానికి తేరుకుంది. అంటే పల్లెల్లోని ఐదో తరగతి గదిలో సగటున సుమారు సగం మంది, తమకన్నా మూడు తరగతుల కిందటి పేరా చదవలేని స్థితిలో ఉన్నారు. ఆ గదిలో అల్లరి ఎందుకుందని ఆశ్చర్యపోవలసిన పనిలేదు.

ఈ సమస్యకు మందు కొత్తగా కనిపెట్టనక్కరలేదు. ప్రథమ్ సంస్థ వడోదరలో, ముంబైలో వెనకబడిన పిల్లల్ని రోజూ కొంతసేపు విడిగా కూర్చోబెట్టి, వాళ్లకు వచ్చిన చోటి నుంచి చదువు చెప్పించింది. చెప్పినవాళ్లు స్థానిక యువతులు, వాళ్లను బాల్‌సఖి అనేవాళ్లు. దాని ఫలితాల్ని 2001 నుంచి 2003 వరకు కొలిచినవాళ్లలో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో ఉన్నారు. 2019లో మైఖేల్ క్రెమర్‌తో కలిసి అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్నది వాళ్లే. పిల్లవాడు ఏ తరగతిలో ఉన్నాడన్నది పక్కన పెట్టి, వాడికి ఎంతవరకు వచ్చో చూసి అక్కడి నుంచి చెప్పడం ఈ పద్ధతిలో కీలకం. 2021లో కేంద్రం మొదలుపెట్టిన నిపుణ్ భారత్, 2022లో తెలంగాణ బడుల్లో మొదలైన తొలిమెట్టు, రెండూ ఈ ప్రాథమిక మెట్లనే పట్టుకున్నాయి. నిపుణ్ భారత్ లక్ష్యాల్లో మూడో తరగతి పిల్లలు నిమిషానికి కనీసం 60 మాటలు చదవాలని ఉంది. మన తెలుగులో నామవాచకానికి విభక్తి, క్రియకు క్రియ అతుక్కుని ఒక్కో మాటే బారెడు పొడవుంటుంది కాబట్టి, ఈ మాటల లెక్కను మన పిల్లల మీద గడియారం పట్టుకుని రుద్దకూడదని నా అభిప్రాయం. చదివింది అర్థమైందా అన్నది ముందు చూడాలి.

మా బడిలో ఉదయం మొదటి గంట తెలుగుకు కేటాయించి, మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లల్ని కలిపేశాం. అక్షరాల దగ్గర ఉన్నవాళ్లు ఒక జట్టు, మాటల దగ్గర ఉన్నవాళ్లు ఒక జట్టు, పేరా చదివేవాళ్లు ఇంకొకటి. ఇందులో పెద్ద అడ్డంకి సిగ్గు. ఐదో తరగతి పిల్లవాడు మూడో తరగతి పిల్లల పక్కన కూర్చోవాలంటే చచ్చిపోయినంత పనవుతుంది. జట్లకు పూల పేర్లు పెట్టినా, పక్షుల పేర్లు పెట్టినా ఎవరు ఎక్కడున్నారో పిల్లలకు క్షణంలో తెలిసిపోతుంది. అందుకని దాచడం మానేశాం. ప్రతి కొన్ని వారాలకూ మళ్లీ చదివించి జట్లు మార్చాం. ఇది శాశ్వతం కాదని కళ్లారా చూశాక వాళ్ల బిగువు సడలింది.

ఆ అబ్బాయికి ఒత్తులు నేర్పింది వాచకం కాదు, బస్సు బోర్డులు. మదనపల్లె, చిత్తూరు, కుప్పం, అంగళ్లు, తంబళ్లపల్లె. రోజూ రోడ్డు మీద చూసే పేర్లే, వాడికి నోటికి వచ్చిన పేర్లే. అట్టముక్కల మీద పెద్దగా రాసి నేల మీద పరిచాం. 'చిత్తూరు'లో కింద వేలాడేది ఏమిటని అడిగితే కాసేపు చూసి 'త' అన్నాడు, 'అంటే వేరే చోట కనపడినా ఇదేనా?' అని ఎదురు ప్రశ్న వేశాడు. ఆ ప్రశ్న వచ్చాక మిగతాది తొందరగా నడిచింది. 'మదనపల్లె' చూసి ల ఒత్తు, 'కుప్పం' చూసి ప ఒత్తు తనే చెప్పాడు. దసరా సెలవులు అయ్యేసరికి వాచకం తీయండి అన్నప్పుడు చెయ్యెత్తడం మానేశాడు. వాడి ప్రవర్తన మార్చడానికి విడిగా ఎవరూ ఏమీ చేయలేదు. ఆ అమ్మాయికి ఇంకా ఎక్కువ కాలం పట్టింది. తప్పు చదివితే ఫరవాలేదని ఆమెను నమ్మించడమే కష్టమైంది.

లెక్కల్లోనూ ఇలాంటిదే ఉంది. 52లో 17 తీసేస్తే ఎంత అంటే 45 అని రాసే పిల్లలు ప్రతి బడిలో ఉంటారు. టీచరు ఎర్ర సిరాతో తప్పు కొడుతుంది, పిల్లవాడు మర్నాడు మళ్లీ అదే చేస్తాడు, అజాగ్రత్త అని తిట్లు తింటాడు. ఎలా చేశావని అడిగితే విషయం బయటపడుతుంది. 2లో 7 పోదు కాబట్టి 7లో 2 తీశాడు, 5 వచ్చింది. 5లో 1 తీశాడు, 4. పెద్దదానిలోంచి చిన్నది తీయాలన్న నియమాన్ని వాడు నిక్కచ్చిగా పాటించాడు. దాన్ని అజాగ్రత్త అనడానికి వీల్లేదు. వీళ్లలో చాలామంది మదనపల్లె టమాటా మార్కెట్ తెలిసిన పిల్లలు. దేశంలోని పెద్ద టమాటా మార్కెట్లలో అదొకటి. నాన్నతో పాటు మండీకి వెళ్లి, యాభైరెండు క్రేట్లు దించి పదిహేడు అమ్ముడైతే ఎన్ని మిగిలాయో నోటితో చెప్పేస్తారు. పుల్లల్ని పదేసి కట్టలుగా కట్టి, ఒక కట్ట విప్పితేనే విడి పుల్లలు వస్తాయని చేతుల్తో చేయిస్తే, కాగితం మీద అంకె పక్కన చిన్న 1 ఎందుకు వేస్తారో వాళ్లకు తెలుస్తుంది. తప్పు ఎలా వచ్చిందని అడిగే అలవాటు ఉన్న టీచరు తరగతిలో పిల్లలు నోటుబుక్కు చేత్తో మూసుకోరు. చెయ్యి అడ్డం పెట్టుకుని రాసే పిల్లలు ఎంతమంది ఉన్నారో చూస్తే ఆ గదిలో భయం ఎంతుందో చెప్పవచ్చు.

ఇదంతా బాగానే ఉంది, టీచర్లేరీ అని మీరు అడగవచ్చు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక పాఠశాలలో 60 మంది పిల్లల వరకు ఇద్దరు టీచర్లు. తరగతులు మాత్రం ఐదు. అంటే చట్టాన్ని తుచ తప్పకుండా అమలు చేసినా ఒక్కో టీచరు రెండు మూడు తరగతులు ఒకేసారి చూసుకోవాలి. ఒక తరగతికి పాఠం చెబుతుంటే మిగతావాళ్లకు 'పదిసార్లు రాయండి' తప్ప మరో పని ఉండదు. పల్లె బడుల్లో అల్లరికి పెద్ద కారణం ఈ ఏర్పాటే.

దీనికి దారి చూపించినవాళ్లు మా మదనపల్లె దగ్గరే ఉన్నారు. రిషివ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రంలో పద్మనాభరావు, రమ దంపతులు బహుళ తరగతుల బడి కోసమే ఒక పద్ధతి తయారుచేశారు. పాఠాలను చిన్నచిన్న కార్డులుగా విడగొట్టి, వాటి వరుసను నిచ్చెనలా గోడ మీద పెడతారు. ఏ కార్డు అయింది, తర్వాతిది ఏది అని పిల్లవాడే చూసుకుంటాడు. కొన్ని పనులకు టీచరు పక్కనుండాలి, కొన్నిటికి తోటి పిల్లలు చాలు, కొన్ని ఒంటరిగా చేసుకోవచ్చు. నాలుగు రోజులు రాకపోయినా వదిలిన మెట్టు నుంచే మొదలుపెడతాడు. కర్ణాటక టీచర్లు ఇక్కడికి వచ్చి చూసి వెళ్లాక, 1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటెలో 'నలి కలి' మొదలైంది. తమిళనాడులో 2003లో చెన్నై కార్పొరేషన్ బడులు ఈ బాట పట్టాయి. పొరుగు రాష్ట్రాలు అంత దూరం తీసుకెళ్లిన పద్ధతిని పుట్టిన గడ్డ మీద మనం ఇంకా ఎక్కువగా వాడుకోవలసింది.

మన ఆంధ్రప్రదేశ్‌లో ప్రయోగాలు ఇంకో వైపు నడిచాయి. 2022లో 117 జీవోతో మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని చాలాచోట్ల హైస్కూళ్లకు తరలించారు. 2025లో ఆ విధానాన్ని వెనక్కి తీసుకుని, తరగతికో టీచరు ఉండేలా మోడల్ ప్రైమరీ స్కూళ్లు ఏర్పాటు చేశారు. తరగతికో టీచరు అన్న మాటను నేను మనస్ఫూర్తిగా ఆహ్వానిస్తాను. ఎనిమిదేళ్ల పిల్లకు రోజంతా తనను ఎరిగిన ఒక మనిషి గదిలో ఉండాలి. ఈరోజు కళ్లు ఎందుకు వాచి ఉన్నాయో, నిన్నటిదాకా నవ్విన పిల్ల ఎందుకు ముడుచుకుందో ఆ మనిషికే తెలుస్తుంది. పొద్దున్న ఏమీ తినకుండా వచ్చే పిల్లలు పదిన్నరకే నీరసించి, ముట్టుకుంటే కొట్లాటకు దిగడం నేను చాలాసార్లు చూశాను. 2023 మార్చి నుంచి వారంలో మూడు రోజులు రాగిజావ ఇవ్వడం మొదలుపెట్టాక, జావ తాగిన రోజు పొద్దుటికీ, లేని రోజు పొద్దుటికీ తేడా మా గదిలో తెలిసేది.

ఇక దెబ్బల సంగతి. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. దాని 17వ సెక్షను పిల్లల్ని కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. బెత్తం, గోడకుర్చీ, తొడపాశం, ఎండలో మోకాళ్ల మీద నిలబెట్టడం, అన్నీ నిషిద్ధమే. అయినా తల్లిదండ్రులే వచ్చి 'నాలుగు తగిలించండి మేడమ్, మేమేమీ అనుకోము' అంటారు. వాళ్ల మీద నాకు కోపం లేదు. కొట్టడమంటే శ్రద్ధ చూపడమని వాళ్లు నమ్మిన కాలంలో చదువుకున్నారు. కానీ దెబ్బ వల్ల ఒత్తు రాదు, తీసివేత రాదు. దెబ్బ తిన్న పిల్లవాడు టీచరు కంట పడకుండా ఎలా ఉండాలో నేర్చుకుంటాడు. కొట్టడం మానేసిన బడుల్లోనూ మాటల దెబ్బలు మిగిలే ఉన్నాయి. మొద్దు, దద్దమ్మ అని తరగతి ముందు పిలిస్తే, ఆట సమయంలో మిగతా పిల్లలందరూ వాణ్ని అదే పేరుతో పిలుస్తారు. గది ఊడ్చే పని ఎప్పుడూ ఆడపిల్లలకే చెప్పడం, నీళ్ల కుండ ముట్టుకునేవాళ్లను మౌనంగా ఎంపిక చేయడం పిల్లలకు తెలియకుండా పోవు. తన కులాన్నిబట్టో, వీధినిబట్టో తనకు ఒక చోటు కేటాయించారని అర్థమైన పిల్ల ఆ కసిని ఎక్కడో ఒకచోట తీర్చుకుంటుంది. పనుల పట్టిక గోడ మీద రాసి, అబ్బాయిలూ అమ్మాయిలూ అందరి పేర్లూ వంతుల వారీగా తిప్పడం చిన్న పనే. దాన్ని హెడ్‌మాస్టరు పట్టుబట్టి చేయించాలి.

పాఠం చెప్పే తీరులో మేం సులభంగా మార్చుకోగలిగింది ఒకటుంది. పాఠమంతా చెప్పి 'అర్థమైందా?' అంటాం. 'అర్థమైంది టీచర్' అని గది మొత్తం రాగం తీస్తుంది. ఆ జవాబు వల్ల మాకు ఏమీ తెలియదు. మేరీ బడ్ రో అనే అమెరికన్ విద్యావేత్త 1970లలో తరగతి గదుల్లో టేపు రికార్డర్లు పెట్టి విన్నారు. ప్రశ్న వేశాక టీచర్లు జవాబు కోసం ఆగేది సగటున ఒక సెకను. దాన్ని మూడు సెకన్లకు పెంచితే పిల్లల జవాబులు పొడవయ్యాయి, ఎప్పుడూ నోరు విప్పనివాళ్లు మాట్లాడారు, టీచరు మందలించవలసిన సందర్భాలు కూడా తగ్గాయి. ఖర్చు లేదు, జీవో అక్కర్లేదు. 'దీన్ని నీ మాటల్లో చెప్పు' అని ఒకరిని అడిగి మనసులో మూడు అంకెలు లెక్కపెట్టుకుంటే చాలు. ముందు బెంచీలో చెయ్యెత్తే ఇద్దరి మీదే చూపు నిలపకుండా ఉండడం మాత్రం సాధన మీద వస్తుంది.

ఇంగ్లీషు మీడియం గురించి రెండే మాటలు. 2020 నుంచి మా పుస్తకాల్లో ఎడమ పేజీ ఒక భాష, కుడి పేజీ ఇంకో భాష. ఆ తెలుగు పేజీని దాటేసి ఇంగ్లీషు పేజీనే వల్లె వేయించే గదుల్లో పిల్లలు చాలా బుద్ధిగా కూర్చుంటారు. ప్రశ్నలడగరు, ఎదురు చెప్పరు. తెలియని భాషలో అడగడానికి ఏముంటుంది? ఆ బుద్ధిమంతతనాన్ని చూసి ఎవరూ మురిసిపోవద్దు.

టీచరు వైపు నుంచీ ఒక మాట చెప్పాలి. మరుగుదొడ్ల ఫొటోలు, గుడ్ల లెక్కలు, యాప్‌లలో హాజరు, మధ్యాహ్నంలోగా పంపాల్సిన సమాచారం అంటూ పాఠం మధ్యలో ఫోను మోగినప్పుడల్లా గది చేతి నుంచి జారిపోతుంది. విద్యాహక్కు చట్టం ఒకటి నుంచి ఐదు తరగతులకు ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధన గంటలు ఉండాలంది. ఆ గంటలు పిల్లల ఎదుట గడవాలి. ఉదయం తెలుగు గంటలోనూ, లెక్కల గంటలోనూ టీచర్లను ఎవరూ ఏ సమాచారమూ అడగకూడదన్న ఒక్క ఉత్తర్వు వస్తే, దాని ఫలితం రెండు నెలల్లో పిల్లల చదువులోనూ, నడతలోనూ కనిపిస్తుంది.

2024 డిసెంబరు 7న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడులన్నిటిలో ఒకేరోజు తల్లిదండ్రుల సమావేశాలు జరిగాయి. అలాంటి సమావేశాల్లో ఎక్కువమంది అడిగేది 'మావాడు అల్లరి చేస్తున్నాడా మేడమ్?' అని. ఈసారి వెళ్లినప్పుడు ఏ గంటలో అల్లరి చేస్తున్నాడని అడగండి. తెలుగు గంటలోనా, లెక్కల్లోనా, అన్నం తిన్నాకనా, టీచరు ఫోను చూస్తున్నప్పుడా? అల్లరే చేయని పిల్లయితే, ఆమె ఇంతవరకు చూడని పేజీ ఒకటి తీసి మీ ముందే చదివించమని అడగండి. టీచరు దగ్గర వెంటనే జవాబు లేకపోతే, పది రోజుల తర్వాత మళ్లీ వస్తానని చెప్పి రండి, వచ్చి అడగండి. నా బడికి వచ్చి ఎవరైనా ఇలా అడిగితే, ఆ పది రోజులూ మీ పిల్లవాడి పక్కనే కూర్చుని, ఏ మాట దగ్గర ఆగుతున్నాడో రాసిపెట్టి ఉంచుతాను.